చెక్కా, ఫైబరా, స్టీలా? తెరచాప పడవ బరువు గురించి నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో వారాంతాల్లో ఇంట్లోవాళ్లతో తిరగడానికి, వీలైతే సాయంత్రం రేసుల్లో సరదాగా పాల్గొనడానికి ఒక పాత తెరచాప పడవ కొనాలనుకుంటున్నారు. మూడు చూశారు. ఒకటి 1980ల నాటి జే-24 అనే రేసు పడవ, ఫైబర్‌ది. రెండోది చెక్కతో కట్టిన నార్డిక్ ఫోక్‌బోట్. మూడోది ఎవరో ఇంటి పెరట్లో వెల్డింగ్ చేసుకున్న 26 అడుగుల స్టీలు పడవ. ఏ మెటీరియల్ అయితే వేగంగా పోతుంది, తేలిక పడవే ఎప్పుడూ మంచిదా అని అడిగారు.

నేను ఇవే నీళ్లలో పదకొండేళ్లుగా ఒక పాత జే-24 నడుపుతున్నాను. అంతకుముందు హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే ఒక్కరు నడిపే చిన్న పడవ మీద నేర్చుకున్నాను. పడవలు కట్టేవాణ్ని కాదు, డిజైనర్‌నీ కాదు. కాకపోతే ఈ బరువు విషయంలో బాగా చేతులు కాల్చుకున్నవాణ్ని, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మెటీరియల్ సంగతి ముందు తేల్చేద్దాం. మీ పడవ చెక్కదో ఫైబర్‌దో నీళ్లకు అనవసరం. మీరు చూసిన ఫోక్‌బోటే ఇందుకు సాక్ష్యం. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942లో, మొదటి ఫోక్‌బోట్ స్వీడన్‌లో నీళ్లలోకి దిగింది. పెంకుటింటి కప్పులా పలక అంచు మీద పలక ఎక్కించి కట్టేవాళ్లు. 1970ల్లో అదే పడవని ఫైబర్‌లో పోయడం మొదలైంది. అయితే పోటీల్లో పాల్గొనాలంటే ఆకారం మారకూడదు, బరువు తగ్గకూడదు. ఆ పలకల అంచులు కూడా ఫైబర్‌లో అచ్చు దింపేశారు. దూరం నుంచి చూస్తే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. ఇప్పుడు మన బేలో చెక్కవీ ఫైబర్‌వీ ఒకే గుంపులో, ఎవరికీ ఏ రాయితీ లేకుండా పోటీ పడుతున్నాయి. ఫైబర్ వల్లే వేగం వచ్చేట్టయితే చెక్క పడవలన్నీ ఎప్పుడో షెడ్డుకి చేరేవి.

మరి బరువు? ఆ ఫోక్‌బోట్ పక్కనే జే-24ని పెట్టి చూడండి. నీటిమట్టం దగ్గర పొడవు రెండింటికీ ఇంచుమించు 20 అడుగులు. తెరచాపల వైశాల్యం రెండింటికీ సుమారు 24 చదరపు మీటర్లు. బరువు మాత్రం ఫోక్‌బోట్‌ది 1,930 కిలోలు, జే-24ది దాదాపు 1,400 కిలోలు. యాభై కిలోల బియ్యం బస్తాలు పది ఎక్కించినంత తేడా. కీల్ (పడవ అడుగున నీళ్లలోకి దిగే బరువైన భాగం) ఆకారం వేరు, వెనకగాలికి జే-24 స్పినేకర్ అనే ఉబ్బిన పెద్ద తెరచాప కూడా ఎగరేస్తుంది కాబట్టి తేడా అంతా బరువుదే అనను. అయినా మన చేతికందే పోలికల్లో ఇంతకన్నా మంచిది లేదు.

చలికాలం పొద్దున్న గాలి సన్నగా, ఐదారు నాట్లే ఉన్నప్పుడు (వరినాట్లు కాదు, ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) జే-24 మెల్లగా ముందుకు జారుకుంటుంది. ఆ వేగంలో పడవని పట్టి లాగేది ఎక్కువగా నీటి రాపిడే. బరువు పెరిగితే పడవ కిందికి దిగుతుంది, దిగిన మేరకు నీళ్లు తగిలే ఒళ్లు పెరుగుతుంది. నా పడవకి నేను వేసుకున్న మోటు లెక్క ప్రకారం సుమారు 500 పౌండ్లకు ఒక అంగుళం దిగుతుంది. ఒక అంగుళమేగా అనిపిస్తుంది. గాలి లేని రోజున ఆ అంగుళమే పక్క పడవవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ వెళ్లడానికీ, వాళ్ల వీపులు చూస్తూ వెళ్లడానికీ ఉన్న తేడా.

ఎండాకాలం మధ్యాహ్నం కథ వేరు. గోల్డెన్ గేట్ సందులోంచి 20, 25 నాట్ల గాలి దూసుకొస్తుంది. అప్పుడు ఎదురుగాలిలో రెండు పడవలకీ ఒకే గోడ అడ్డం వస్తుంది. పడవ ముందుకు పోతూ తనే ఒక అలని పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడుగవుతూ చివరికి పడవ పొడవంత అవుతుంది. ముక్కు ఒక శిఖరం మీద, వెనకభాగం ఇంకో శిఖరం మీద, నడుమ గుంటలో మీరు. అక్కణ్నుంచి ఇంకా వేగం కావాలంటే సొంత అలనే గట్టెక్కాలి. ఆ హద్దుని లెక్కగట్టే పాత సూత్రం ఒకటుంది. నీటిమట్టం దగ్గర పొడవుని అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణించడమే. 20 అడుగులకు 6 నాట్లు వస్తుంది. రెండు పడవలకీ అదే హద్దు. పైగా బర్కిలీ వైపు లేచే పొట్టి అలల్లో ఫోక్‌బోట్ బరువు దానికి కలిసొస్తుంది. అల మీద అల కొట్టినా వేగం పోగొట్టుకోకుండా, గేదె చెరువులోకి దిగినంత నిమ్మళంగా దూసుకుపోతుంది. నా జే-24 అలలమీద గెంతుతుంది, దబదబ కొట్టుకుంటుంది. దాన్ని నిటారుగా నిలబెట్టాలంటే నలుగురైదుగురు అంచు మీద వేలాడాల్సిందే. ఫోక్‌బోట్ మీద ముగ్గురు ఉంటే చాలు.

రేసు మలుపులోని గుర్తు చుట్టి వెనకగాలికి తిరిగాక మాత్రం లెక్క తారుమారవుతుంది. 1,400 కిలోల పడవ అంటే 1,400 కిలోల నీటిని పక్కకు నెట్టడం. ఆ నెట్టాల్సింది తక్కువైతే వెనక నుంచి వచ్చే అల పడవని ఎత్తి తనతో తీసుకుపోగలదు. నా జీపీఎస్‌లో 10 నాట్లు కనిపించిన రోజులున్నాయి, కొన్ని సెకన్లే అనుకోండి. ఆ సెకన్ల కోసమే ఈ పిచ్చి అంతా. ఫోక్‌బోట్ తన 6 నాట్ల దగ్గర హుందాగా ఉండిపోతుంది.

ఈ సంగతిని పట్టుకుని పిచ్చి ముదరబెట్టింది ఇక్కడికి దగ్గర్లోని శాంటా క్రూజ్‌వాళ్లు. మూర్-24 అక్కడి పడవే. పొడవులో జే-24 అంతే, బరువు మాత్రం 930 కిలోలు, అందులో సగం కీల్‌దే. అదే ఊరి బిల్ లీ 1977లో మెర్లిన్ అనే 67 అడుగుల తేలికపాటి పడవ కట్టి, లాస్ ఏంజిలెస్ నుంచి హోనొలులుకి జరిగే ట్రాన్స్‌పాక్ రేసుని 8 రోజుల 11 గంటల్లో ముగించాడు. ఆ రికార్డు ఇరవై ఏళ్లు నిలిచింది. ఆ రేసులో ఎక్కువభాగం గాలి వెనక నుంచే ఉంటుందని మర్చిపోకండి. అదే పడవని 25 నాట్ల ఎదురుగాలిలోకి తోలితే ఇంత మెరిసేది కాదు.

మీరు పిల్లల్ని ఎక్కించుకుంటానన్నారు కాబట్టి ఇంకో మాట. చిన్న పడవలో మనుషుల బరువు కూడా పడవ బరువే. లేజర్ తొట్టె, అంటే పడవ ఒళ్లు, 59 కిలోలు. హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకునే రోజుల్లో నేను 84 కిలోలుండేవాణ్ని, అంటే పడవకన్నా నేనే బరువు. భీమవరం నుంచి వచ్చిన నా స్నేహితుడు 62 కిలోలు. పొద్దున్న పిల్లగాలిలో వాడు బుద్ధుడి విగ్రహం చుట్టి వచ్చేసరికి నేను సగం దారిలో ఉండేవాణ్ని. జూలైలో వానగాలి లేచిందంటే మాత్రం వాడు నీళ్లలో, నేను ముందు. పట్టీలో పాదాలు పెట్టి వెనక్కి వాలినప్పుడు నా బరువు పడవని నిటారుగా పట్టుకునేది. వాడు తెరచాప వదిలేసి గాలి పారబోసుకోవాల్సి వచ్చేది. బరువు చెడ్డదా మంచిదా అంటే ఆ రోజు గాలిని అడగాలి.

ఇక తొట్టె దేనితో కట్టారన్నది బరువుని ఎలా మారుస్తుందో చూద్దాం. మీ సైజు పడవకి ఒక చదరపు మీటరు గోడ ఎంత తూగుతుందో కాగితం మీద వేసుకోండి. స్టీలు రేకుని 3 మిల్లీమీటర్లకన్నా పల్చగా వాడటం కష్టం. వెల్డింగ్ వేడికి వంకర్లు పోతుంది, తుప్పు తినేస్తే మిగిలేదేమీ ఉండదు. ఆ 3 మిల్లీమీటర్లే దాదాపు 23 కిలోలు. 5 మిల్లీమీటర్ల అల్యూమినియం 13 కిలోల పైన. 8 మిల్లీమీటర్ల గట్టి ఫైబర్ కూడా అంతే. 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ 6 కిలోలు, పైన ఎపాక్సీ, గ్లాసు బట్ట కలిపినా ఎనిమిదికి అటూఇటూ. రెండు పల్చటి ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టిన శాండ్‌విచ్ కూడా ఎనిమిది తొమ్మిది కిలోలే. 26 అడుగుల తొట్టెకి పాతిక చదరపు మీటర్ల పైనే గోడ ఉంటుంది. గట్టి ఫైబర్‌తో పోల్చినా స్టీలుకి పాతిక పదులు, అంటే 250 కిలోలు అదనం. ఆ బరువు ఎక్కడో సర్దుకోవాలి. కీల్‌లో సీసం తగ్గిస్తే పడవ తేలిగ్గా ఒరిగిపోతుంది, తగ్గించకపోతే లోతుగా మునుగుతుంది. నలభై అడుగుల పడవ దగ్గర ఈ తేడా మొత్తం బరువులో కలిసిపోతుంది, స్టీలు అక్కడ రాజా. 26 అడుగులకి మాత్రం బండరాయే. పెరట్లో కట్టుకున్న ఆయన కష్టాన్ని తక్కువ చేయడం లేదు.

పై లెక్కలో చెక్క చూడండి, పాతకాలం సరుకని తీసిపారేయలేం. పలక వంగకుండా నిలబడటం మందాన్ని బట్టి మామూలుగా పెరగదు, మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. చెక్క తేలిక కాబట్టి అదే బరువుకి మందంగా వేసుకోవచ్చు. శాండ్‌విచ్ రహస్యమూ అదే. బలమైన పొరల్ని దూరం జరిపి మధ్యలో దాదాపు ఏమీ తూగనిది పెట్టడం.

బిగువు గురించి ఎందుకింత చెప్తున్నానంటే, నా డబ్బు పోయింది అక్కడే. నా జే-24 చవగ్గా వచ్చింది. నిపుణుడితో పడవ తనిఖీ (సర్వే) చేయించమని అందరూ చెప్పినా ఆ నాలుగు వందల డాలర్లు మిగుల్చుకున్నాను. మొదటి ఏడాదంతా సన్నగాలిలో ఎప్పుడూ చివరే. తెరచాపలదే తప్పనుకుని కొత్త జిబ్ (ముందు తెరచాప) కొన్నాను. అయినా అంతే. గాలి పెరిగినప్పుడు ఇంకో వింత. మాస్ట్ (తెరచాప స్తంభం) వెనక తాడు ఎంత బిగించినా ముందు తాడు సాగిపోయినట్టు వేలాడేది, జిబ్ పొట్ట ఉబ్బేది, పడవ ఎదురుగాలి వైపు దగ్గరగా వెళ్లేది కాదు. మాస్ట్ తాళ్లు వింటినారి అనుకుంటే తొట్టె విల్లు. విల్లు మెత్తబడితే నారి బిగుస్తుందా?

రెండో ఏడాది అడుగు రంగు కోసం పడవని బయటికి తీయించినప్పుడు క్రేన్ కాటా మీద బరువు చూశాం. అదే వారం తూచిన ఇంకో జే-24 కన్నా 110 కిలోలు ఎక్కువ. మోటారూ సామాన్లూ అన్నీ దించాక కూడా. స్క్రూడ్రైవర్ పిడితో డెక్ మీద కొట్టుకుంటూ పోతే ముందుభాగంలో సగం దూరం టక్ అనాల్సిన చోట డబ్ అంది. ఈ డెక్ కూడా శాండ్‌విచ్చే, లోపలి నుంచి పొర కోసి చూస్తే మధ్యలోని బాల్సా నల్లగా, తడిసిన అటుకుల్లా చేతికి వచ్చింది. పడవ తప్పు కాదు. నాకు ముందున్న యజమాని ఎవరో రెయిలింగ్ బోల్టులకి రంధ్రాలు చేసి సరిగ్గా సీలు చేయలేదు. ఏళ్ల తరబడి చుక్కచుక్కగా దిగింది. నీళ్లు పట్టిన బాల్సా రెండు పొరల్నీ విడదీస్తుంది. అంటే బరువు పెరుగుతుంది, బిగువు పోతుంది, రెండూ ఒకేసారి. మూడు నెలల వారాంతాలు ఆ రిపేరుకే పోయాయి. ఇంట్లో ఎపాక్సీ వాసన ఇంకా పోలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. తర్వాత ముందు తాడు బిగిసింది, సన్నగాలిలో మధ్య గుంపులోకి వచ్చాను. గెలుస్తున్నానని చెప్పను, దానికి వేరే కారణాలున్నాయి.

ఈ సంగతి నాకు ముందే తట్టాల్సింది, సిగ్గుచేటు. క్లబ్బులో ఒక పాత లేజర్‌కి మేమే "గేదె" అని పేరు పెట్టాం. ఎవరెక్కినా కదిలేది కాదు. వెనక బిరడా తీస్తే అర బకెట్ నీళ్లు కారేవి, కారాక కూడా బరువే. కాటా మీద 67 తూగింది. లోపలి ఫోమ్ నీళ్లు తాగేసింది. అంతకన్నా వెనక్కి వెళ్తే, మా అమ్మమ్మగారి ఊరు భీమిలి దగ్గర. వేట నుంచి రాగానే తెప్ప కట్లు విప్పి దుంగల్ని విడివిడిగా ఇసుకలో ఎండబెట్టేవాళ్లు. చిన్నప్పుడు అది దొంగలు ఎత్తుకుపోకుండా చేసే ఏర్పాటనుకునేవాణ్ని. దుంగ నీళ్లు పీలిస్తే తెప్ప కిందికి దిగుతుంది, మర్నాడు కెరటం దాటదు. ఆ ఇసుకలో ఆడుకుని పెరిగినవాణ్ని, నాలుగు వందల డాలర్లు మిగుల్చుకుందామనుకున్నాను.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ అన్నది కూడా చూడాలి. కావడి మోసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అదే బరువు భుజం దగ్గర ఉంటే తిరగడం తేలిక, రెండు చివర్లా వేలాడితే ఊగడం మొదలైందా ఆగదు. నా పడవ ముక్కులో లంగరూ గొలుసూ, వెనక చివర మోటారూ వేలాడేవి. పొట్టి అలల్లో ముక్కు లేచిందా, దిగడానికి తొందరపడేది కాదు, ఈలోపు తర్వాతి అల వచ్చి మొహాన కొట్టేది. రెండింటినీ తెచ్చి పడవ మధ్యలో, కీల్ పైన నేలమీద కట్టేశాను. ఒక్క రూపాయి ఖర్చు లేదు, తేడా ఆ రోజే తెలిసింది. మాస్ట్ పైన బరువు ఇంకా దుర్మార్గం. పై కొసన ఒక కిలో పెరిగితే దాన్ని సరిపెట్టడానికి కీల్‌లో ఎన్నో కిలోలు కావాలి. కార్బన్‌కి డబ్బు పెట్టేవాళ్లు ముందు మాస్ట్‌కి పెట్టడం అందుకే. మన బడ్జెట్‌కి ఆ ఊసు వద్దులెండి.

బరువు పడవలంటే చిన్నచూపు వద్దు. ఒంటరిగా ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని మొదటిసారి చుట్టొచ్చిన సుహైలీ మన బొంబాయిలో టేకుతో కట్టిన 32 అడుగుల పడవ. 1968-69లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ దాన్ని 312 రోజులు నడిపాడు. సుమారు 30 వేల మైళ్లు, సగటున 4 నాట్లు. నడకకన్నా కాస్త నయం. ఏడాదికి సరిపడా తిండీ నీళ్లూ మోస్తూ, తుపానుల్లో తన్నులు తింటూ ఇంటికి చేరింది. 2017-18లో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ప్రపంచాన్ని చుట్టిన ఐఎన్‌ఎస్‌వీ తరిణి కూడా 23 టన్నుల పడవ. గోవాలో కట్టారు, చెక్క గర్భానికి రెండువైపులా ఫైబర్ పొరలు. ఆ ఆరుగురిలో హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి ఉన్నారు. దక్షిణ మహాసముద్రంలో నెలల తరబడి ఉండాల్సినప్పుడు పడవ గెంతకపోవడం కూడా పనితీరే. పైగా అలాంటి బరువు పడవకి 300 కిలోల సామాను ఎక్కినట్టే తెలీదు. మూర్-24లో అది పడవ బరువులో మూడోవంతు. పులిహోర డబ్బాలు, కూలర్, బావమరుదులు ఇద్దరు ఎక్కారంటే తేలిక పడవ తేలిక పడవ కాదు.

మీ మూడింటి సంగతికొస్తే, స్టీలు పడవ వదిలేయండి. ఫోక్‌బోట్ మీద నాకు మనసుంది, కుటుంబంతో మన బే గాలికి అది చాలా నిబ్బరమైన పడవ. కానీ చెక్క పడవని ఏటా చూసుకోవాలి. పక్కటెముకల్లాంటి ఓక్ చట్రాల్లో పగుళ్లున్నాయేమో చూడాలి. శనివారాలు ఇసుక కాగితంతో గడపడం మీకిష్టమైతేనే తీసుకోండి. రేసులే ముఖ్యమైతే జే-24. రేసుల్లో పేద్ద గుంపు, విడిభాగాలు దొరుకుతాయి. అది కొన్నాక మెటీరియల్ మీద పెట్టే ఆలోచన అడుగు శుభ్రంగా ఉంచడం మీదా, మంచి జిబ్ మీదా పెడితే మీ వేగానికి ఎక్కువ మేలు.

కొనేముందు తేమ కొలిచే మీటరున్న సర్వేయర్‌ని పెట్టుకోండి, నాలా పిసినారితనం చేయకండి. దానికంటే ముందు మీరే ఒకసారి స్క్రూడ్రైవర్, మాస్కింగ్ టేప్ తీసుకెళ్లండి. రెయిలింగ్ కాళ్ల చుట్టూ, మాస్ట్ తాళ్లు డెక్‌లోకి దిగే చోటా, ముందు కిటికీ అంచులా మెల్లగా కొట్టి వినండి. డబ్ అన్న ప్రతిచోటా ఒక టేపు ముక్క అతికించి డెక్ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ధర ఎంత తగ్గించమనాలో, అసలు వదిలేయాలో టేపు ముక్కలు లెక్కపెట్టి చెప్తాను.